ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: వైకల్యం ఉన్న మన పిల్లల చదువుకు చట్టం చూపే దారి

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు వైకల్య ధ్రువపత్రం కోసం ఒక శిబిరానికి తీసుకెళ్లాను. మాది ఒడిశాలోని గుణుపురం. తనకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికల మీద పట్టు తప్పే స్థితి. కుడిచెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది, మాట కూడబలుక్కుని వస్తుంది. బల్ల అవతల కూర్చున్నాయన "తుమొ నా కొణొ?" అని అడిగారు. పిల్ల నా మొహం చూసింది. మళ్లీ అడిగారు. తల దించుకుంది. ఆయన కాగితం మీద ఏదో టిక్ పెట్టబోతున్నారు. పక్కన ఫైళ్లు మోసుకుపోతున్న నర్సమ్మ ఆగి, "ఏటమ్మా, నీ పేరేటి?" అంది. పిల్ల ఊపిరి బిగబట్టి, ఒక్కో అక్షరం కూడగట్టి, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన పెన్ను ఆగిపోయింది.

ఆ నర్సమ్మ ఆ నిమిషంలో అటు రాకపోయుంటే మా పిల్ల కాగితాల మీద బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల అయిపోయేది. రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లలో ఇలాంటి పిల్లలు చాలామందే ఉంటారు. వైకల్యం ఒక ఇబ్బంది, అడిగేవాళ్ల భాష రాకపోవడం ఇంకో ఇబ్బంది. ఈ రెండూ కలిపి చూసి "ఈ పిల్లకి చదువు రాదు" అనేస్తారు. చట్టం అలా అనలేదు. చట్టం ఏమందో, దాన్ని పట్టుకుని ఏ ఆఫీసులో ఏం అడగాలో, ఈ ఎనిమిదేళ్లలో తిరిగి తెలుసుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

ముందు చట్టాలు, క్లుప్తంగా

రెండు గుర్తుంటే చాలు. మొదటిది విద్యా హక్కు చట్టం, 2009. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి దగ్గరలోని బడిలో ఉచితంగా చదువు చెప్పాలి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లల్ని కూడా వెనకబడిన వర్గాల పిల్లలతో పాటు ఇందులో స్పష్టంగా చేర్చారు. అందుకే ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లకి మన పిల్లలూ అర్హులే. ఒడిశాలో ఆ దరఖాస్తు ఆర్‌టీఈ పారదర్శి పోర్టల్‌లో పెట్టాలి.

రెండోది వికలాంగుల హక్కుల చట్టం, 2016. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. ఆటిజం, డిస్‌లెక్సియా (చదవడం, అక్షరాలు పోల్చుకోవడం కష్టమవడం) లాంటి అభ్యసన వైకల్యాలు, సికిల్ సెల్, తలసీమియా అనే రక్త జబ్బులు కూడా వచ్చాయి. సికిల్ సెల్ మాట ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, మన ఏజెన్సీ ఊళ్లలో అది కొత్త జబ్బు కాదు. ఒంటి నొప్పులతో నెలకి పది రోజులు బడి మానేసే పిల్లాడిని బద్ధకస్తుడంటారు గానీ, వాడికీ ఈ చట్టం వర్తించవచ్చని ఎవరూ చెప్పరు.

ఈ చట్టంలో మూడు సెక్షన్ల నంబర్లు నోటికి రావాలి. 16వది బడి ఏం చెయ్యాలో చెబుతుంది. 17వది ప్రభుత్వం ఏం చెయ్యాలో చెబుతుంది. 31వది, 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకూ ఉచిత చదువు హక్కు ఇస్తుంది. విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్లకి ఆగిపోతే, ఇది ఇంకో నాలుగేళ్లు తోడు వస్తుంది.

మొదటి మెట్టు: సర్టిఫికెట్ కోసం ఆగకుండా బడిలో చేర్చండి

చాలామంది చేసే పొరపాటు ఇదే. "ముందు సర్టిఫికెట్ తెచ్చుకోండి, తర్వాత చూద్దాం" అని బడివాళ్లు అంటారు, మనం నమ్మి ఏడాది పోగొట్టుకుంటాం. ప్రభుత్వ బడికైనా, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికైనా సెక్షన్ 16 ప్రకారం వివక్ష లేకుండా చేర్చుకునే బాధ్యత ఉంది. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడానికి విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్ ఒప్పుకోదు. అడ్మిషన్ల గడువు దాటిందన్నా 15వ సెక్షన్ ఒప్పుకోదు. చేర్చుకునే ముందు పిల్లకి పరీక్ష పెట్టడం, ఇంటర్వ్యూ చెయ్యడం 13వ సెక్షన్ కింద నిషేధం.

"ఇలాంటి పిల్లలకి వేరే బడులున్నాయి కదండీ" అనే మాట మీకు తప్పకుండా వినపడుతుంది. 31వ సెక్షన్‌లో దగ్గరలోని బడీ ఉంది, ప్రత్యేక పాఠశాలా ఉంది. ఎంచుకునే హక్కు పిల్లది, బడిది కాదు. ఇంటి దగ్గరే చదువు చెప్పించుకోవడం గురించి కూడా ఇదే మాట. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లు కావాలనుకుంటే దాన్ని ఎంచుకోవచ్చు. బడి తలనొప్పి వదిలించుకోవడానికి పెట్టిన ఏర్పాటు కాదది. రోజంతా కూర్చోలేని పిల్లకి అది వరమే. కానీ బడికి వెళ్లగలిగే పిల్లని "ఇంటి దగ్గరే ఉంచండి, టీచరు వస్తారు" అంటే సంతకం పెట్టకండి. ఆటల బెల్లు కొట్టినప్పుడు తోటి పిల్లల మధ్య ఉండటం కూడా చదువే.

సరిహద్దు దాటి వచ్చేవాళ్లకి ఒక మాట. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పనుల కోసం, అమ్మమ్మ ఇంటి కోసం పిల్లలు మారుతూనే ఉంటారు. టీసీ రాలేదని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. రాష్ట్రం మారినా సరే. ఇది విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్. పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలని కూడా అందులోనే ఉంది.

రెండో మెట్టు: పేరు ఒకేలా ఉందా చూసుకోండి

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మనవాళ్ల దరఖాస్తులు చాలా వరకు ఇక్కడే ఇరుక్కుంటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి బడి రిజిస్టరులో అది చివరికి పోతుంది. ఒడియాలో రాసేటప్పుడు మన "వ" చాలాసార్లు "బ" అయిపోతుంది. వెంకటరావు బెంకటరావు అవుతాడు, దాన్ని మళ్లీ ఇంగ్లీషులో కొడితే బీ అక్షరంతో మొదలవుతుంది. ఆధార్‌లో ఒకటి, పుట్టిన సర్టిఫికెట్‌లో ఒకటి, బడిలో ఒకటి ఉంటే బ్యాంకు ఖాతాకి స్కాలర్‌షిప్ రాదు. బడిలో చేర్చేరోజే ఆధార్ జిరాక్స్ ఇచ్చి, రిజిస్టరులో అక్షరం అక్షరం చూసి, తర్వాతే సంతకం పెట్టండి. రేషన్ కార్డు, తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కూడా అదే పేరుతో ఉండాలి.

మూడో మెట్టు: వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు

యూడీఐడీ అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే దేశవ్యాప్త గుర్తింపు కార్డు. బడిలో చేరడానికి ధ్రువపత్రం అక్కర్లేదన్నాను గానీ, స్కాలర్‌షిప్, పెన్షన్, పరీక్షలో అదనపు సమయం, కాలేజీ రిజర్వేషన్, అన్నింటికీ ఇదే కావాలి. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో. ఇంటర్నెట్ సెంటరులోనో, జన సేవా కేంద్రంలోనో చేయించవచ్చు. ఫోటో, ఆధార్, చిరునామా రుజువు, ఇప్పటిదాకా చూపించిన డాక్టర్ల కాగితాలు పట్టుకెళ్లండి. ఆ తర్వాత జిల్లా ప్రధాన ఆసుపత్రి మెడికల్ బోర్డు పిలుస్తుంది. ఒడిశాలో భీమ భోయి భిన్నక్షమ సామర్థ్య అభియాన్ పేరుతో బ్లాకుల్లో శిబిరాలు కూడా పెడతారు. "భిన్నక్షమ" అన్న మాట గుర్తుంచుకోండి. ఇక్కడి కౌంటర్లలో మన "వికలాంగులు" కంటే అదే త్వరగా అర్థమవుతుంది.

2024లో నిబంధనలు మారాయి. కార్డు రంగును బట్టి శాతం తెలుస్తుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. మనకి పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. నివాసం ఉన్న జిల్లాలోనే కాదు, పిల్లకి వైద్యం జరుగుతున్న ఆసుపత్రికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మన దగ్గర చాలామంది వైద్యానికి విశాఖపట్నమో, బరంపురమో వెళ్తారు కదా, పోర్టల్‌లో ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. 58వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఎక్కడ ఇచ్చినా దేశమంతా చెల్లుతుంది. ఆంధ్రాలో ఇచ్చింది ఇక్కడ చెల్లదంటే ఆ సెక్షన్ చూపించండి. అయితే పెన్షన్ లాంటి రాష్ట్ర పథకాలకి మాత్రం ఇక్కడి నివాసం విడిగా రుజువు చెయ్యాలి.

ఇప్పుడు భాష సంగతి. దీనికోసమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

బుద్ధిమాంద్యం, ఆటిజం, అభ్యసన వైకల్యం, ఈ మూడింటినీ రక్తపరీక్షతోనో స్కానింగుతోనో తేల్చరు. ప్రశ్నలు అడుగుతారు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు, చదివిస్తారు, రాయిస్తారు. ఆ ప్రశ్న పిల్లకి రాని భాషలో ఉంటే వచ్చే జవాబు వైకల్యాన్ని కొలవదు, భాష రాకపోవడాన్ని కొలుస్తుంది. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న పిల్లాడు ఒడియా వాచకం చదవలేకపోతే అది డిస్‌లెక్సియా కాదు. తెలుగులోనూ అక్షరాలు తారుమారు అవుతుంటే, అప్పుడు ఆలోచించాలి. వినికిడి తక్కువ ఉన్న పిల్లల విషయంలో ఇది ఇంకా తిరకాసు. వాళ్లు పెదాల కదలిక చూసి మాట పోల్చుకుంటారు, ఆ కదలిక అలవాటైంది అమ్మ భాషలో.

కాబట్టి బోర్డు ముందుకి వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ఇలా రాసి, దరఖాస్తుకి జతచెయ్యండి: "మా బిడ్డ మాతృభాష తెలుగు. ఒడియా కొద్దిగా మాత్రమే అర్థమవుతుంది. పరీక్ష తెలుగులో చేయగలరు, లేదా తెలుగు తెలిసిన వ్యక్తిని సహాయంగా అనుమతించగలరు." లోపలికి పిలవగానే నోటితో కూడా అదే చెప్పండి. పిల్ల తరఫున మీరు జవాబులు చెప్పకండి. మీరు ప్రశ్నని మాత్రమే తెలుగు చెయ్యండి, ఎంతసేపు పట్టినా జవాబు పిల్లనే చెప్పనివ్వండి. ఫలితం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు 59వ సెక్షన్‌లో ఉంది.

పర్లాకిమిడి మన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసిన ఊరు. సవర గిరిజన పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని, వాళ్లకోసం బడులు పెట్టించారు. పిల్లకి తెలిసిన భాషలో అడగండి అని కోరడం ఈ నేల మీద కొత్త కోరిక కాదు.

నాలుగో మెట్టు: తరగతిలో ఏం కావాలో ఉత్తరంలో పెట్టండి

చేర్చుకోవడంతో బడి పని అయిపోదు. సెక్షన్ 16 ప్రకారం భవనం, మరుగుదొడ్డి పిల్ల వాడుకోగలిగేలా ఉండాలి. పిల్ల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చెయ్యాలి. చూపు, వినికిడి లేని పిల్లలకి తగిన పద్ధతిలో చెప్పాలి. పిల్లలకి రవాణా ఏర్పాటు చెయ్యాలి, ఎక్కువ సహాయం అవసరమైన పిల్లలైతే వాళ్ల తోడు మనిషికి కూడా. ఇవన్నీ అడగాలి, నోటితో కాదు, కాగితం మీద. నేను మూడో తరగతిలో ఇచ్చిన ఉత్తరం ఇది, మీ పిల్లకి తగ్గట్టు మార్చుకోండి:

"ప్రధానోపాధ్యాయుల వారికి. మా అమ్మాయి మీ పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. తనకి సెరిబ్రల్ పాల్సీ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016, సెక్షన్ 16 ప్రకారం ఈ సౌకర్యాలు కోరుతున్నాను: మొదటి వరుసలో సీటు, రాతపనికి అదనపు సమయం, జవాబు నోటితో చెప్పే అవకాశం, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గొట్టం. వీటిలో ఏదైనా కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఆ చివరి వాక్యం వదలొద్దు. కుదరదని నోటితో అనడం తేలిక, కాగితం మీద రాసి సంతకం పెట్టడం కష్టం. రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. "అక్కడ పెట్టి వెళ్లండమ్మా, చూస్తాను" అంటే, "పర్లేదు సార్, కూర్చుంటాను" అని కూర్చోండి. నేను ఒకసారి మధ్యాహ్న భోజనం బెల్లు దాకా కూర్చున్నాను.

ఉత్తరం ఏ భాషలో రాయాలి? రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఫిర్యాదు, విన్నపం తెలుగులో ఇచ్చినా అధికారులు తీసుకోవాలి. ఆ హక్కు ఉంది గానీ, పని త్వరగా కావాలంటే ఒడియాలో రాయించడమే మేలు. నేను తెలుగులో రాసుకుని, ఎదురింటి కాలేజీ కుర్రాడితో ఒడియా చేయిస్తాను.

అన్నీ ఖర్చుతో కూడినవే అనుకోకండి. మా అమ్మాయి ఎడమచేత్తో రాస్తుంటే పుస్తకం జారిపోయేది, కుడిచేత్తో నొక్కి పట్టుకోలేదు కదా. ప్రతి రెండు మాటలకీ పుస్తకం సరిచేసుకునేది, ఈలోగా బోర్డు తుడిచేసేవాళ్లు. వాళ్ల లెక్కల టీచరు పాత సైకిల్ ట్యూబు కోసి, చాపలా పరిచి, పుస్తకం కింద పెట్టారు. అంతే, జారడం ఆగింది. చట్టం చెప్పే సర్దుబాటు అంటే అచ్చంగా అదే. ఆ ముక్క ఇప్పటికీ తన సంచిలో ఉంది.

ర్యాంపు, మరుగుదొడ్డి లాంటి కట్టుబడి పనులకి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని పట్టుకోవాలి. దానిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. మీటింగులో లేచి చెప్పి, తీర్మానంలో రాయించండి. కట్టిన తర్వాత వెళ్లి చూడండి కూడా. చివర ఒక మెట్టు వదిలేసిన ర్యాంపు గోడలాంటిదే.

ప్రత్యేక ఉపాధ్యాయుల కొరత మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. దీని మీద రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో తీర్పిచ్చింది. ప్రాథమిక స్థాయిలో వైకల్యం ఉన్న పదిమంది పిల్లలకి ఒకరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022లో ప్రమాణం ప్రకటించింది. పోస్టులు మంజూరు చేసి భర్తీ చెయ్యాలని కోర్టు 2025 మార్చిలో రాష్ట్రాలకి మళ్లీ చెప్పింది. మీ బ్లాకులో ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమంది ప్రత్యేక టీచర్లున్నారు అని సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో దానికి ఫారం ఏ వాడాలి, 30 రోజుల్లో జవాబు రావాలి.

ఐదో మెట్టు: డబ్బు, పరికరాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక్కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయల చొప్పున నిధి ఉంటుంది. అది మన చేతికి రాదు, పరికరాలు, పుస్తకాలు, రవాణా, తోడు మనిషి భత్యం లాంటి వాటికి వాడతారు. ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పది నెలల స్టైపెండ్ విడిగా ఉంది. పరికరాలు కావాల్సినవాళ్లు బ్లాకు విద్యాధికారి ఆఫీసులో కొలతల శిబిరం ఎప్పుడో అడిగి ఉంచుకోండి. 17వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి పద్దెనిమిదేళ్ల దాకా పుస్తకాలు, పరికరాలు ఉచితమే.

రాష్ట్రం ఇచ్చే బాణీశ్రీ స్కాలర్‌షిప్‌కి, మధుబాబు పెన్షన్‌కి బ్లాకులోని సామాజిక భద్రతాధికారిని కలవాలి. తొమ్మిది, పది తరగతులవాళ్లకి కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకూడదు, దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఖర్చుకి మాకు అది బాగా అక్కరకొచ్చింది.

ఆరో మెట్టు: కాదంటే ఎక్కడికి వెళ్లాలి

వరస తప్పకండి. హెడ్మాస్టరుకి ఉత్తరం, పదిహేను రోజుల తర్వాత బ్లాకు విద్యాధికారికి, ఆ తర్వాత జిల్లా విద్యాధికారికి. ప్రతి ఉత్తరానికీ ముందు ఉత్తరం కాపీ జతచెయ్యండి. విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద ఇచ్చిన ఫిర్యాదుని స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. కలెక్టరు గారి గ్రీవెన్స్ రోజున వెళ్తే పిల్లని కూడా తీసుకెళ్లండి. జాలి కోసం కాదు, తన గురించి మాట్లాడుతున్నప్పుడు తను అక్కడ ఉండాలి కాబట్టి.

అక్కడా కదలకపోతే భువనేశ్వర్‌లో వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. ఆయన దగ్గర విచారణకి సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. ఆయన సిఫారసు చేస్తే, ఏం చేశారో సంబంధిత ఆఫీసు మూడు నెలల్లో జవాబు చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. పిల్లని నలుగురిలో కావాలని అవమానించడం 92వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు.

లాయరు ఖర్చని వెనకాడకండి. పిల్లలకి, వికలాంగులకి, ఆడవాళ్లకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఆదాయం ఎంతని చూడరు. ఫోన్ 15100.

ఏడో మెట్టు: పదో తరగతి పరీక్ష, ఆ పైన

పరీక్ష సౌకర్యాలు పరీక్ష ముందు రోజు అడిగేవి కావు. తొమ్మిదో తరగతిలోనే హెడ్మాస్టరుకి ఉత్తరం ఇచ్చి, బోర్డు ఫారం నింపేటప్పుడు వైకల్యం కాలమ్‌లో మన పిల్ల వివరం పడిందో లేదో కళ్లతో చూడాలి. 17వ సెక్షన్ ప్రకారం అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు అడగవచ్చు. కేంద్రం మార్గదర్శకాల్లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. 40 శాతం లోపు ఉన్నా, రాయడం నిజంగా కష్టమైతే సాయం అడగొచ్చని వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

భాష మినహాయింపు దగ్గర మాత్రం తొందరపడకండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి ఒడియా పాసై ఉండాలన్న నిబంధన ఉంది. ఇప్పుడు బరువు తగ్గిందని సంతోషిస్తే, ఇరవై ఏళ్లప్పుడు తలుపు మూసుకోవచ్చు. పిల్ల చదవగలిగితే ఒడియా ఉంచండి, అదనపు సమయం తీసుకోండి. అసలు ఏ బడీ పొసగకపోతే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఉంది. తెలుగు మాధ్యమంలోనూ, ఒడియాలోనూ పది రాయొచ్చు, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా పూర్తి చేసుకోవచ్చు.

పది, ఇంటర్ దాటాక ప్రభుత్వ కాలేజీల్లో, ప్రభుత్వ సాయం పొందే కాలేజీల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకి పద్దెనిమిది నిండాక చట్టప్రకారం సంరక్షకులు కావాల్సి వస్తే, కలెక్టరు ఆఫీసులో నేషనల్ ట్రస్ట్ స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. అది పదిహేడో ఏటే అడిగి తెలుసుకుని ఉంచుకోండి.

మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. మొన్న అదనపు సమయం కోసం ఉత్తరం తనే రాసింది, ఒడియాలో, సైకిల్ ట్యూబు ముక్క మీద కాగితం పెట్టుకుని. ముప్పావుగంట పట్టింది. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చింది.